చెరువు కింది బావి

నా పెనిమిటి పోయిన మరుసటి ఏడు ఇల్లు పంచారు. కాటన్‌పేటలో మాది పొడుగాటి ఇల్లు. వీధివైపు అంగడి గది, నడిమింట్లో నూలు మూటలు, వెనక రెండు గదులు, వాటి వెనక పెరడు, పెరట్లో బావి. పెద్దమనుషులు వచ్చి చాప మీద కూర్చుని, నన్ను తలుపు చాటున నిలబెట్టి, నీ వాటాకు అంగడి గది కావాలా, వెనక గదులూ బావీ కావాలా అని అడిగారు. అంగడి గది తీసుకుంటే నెలనెలా బాడుగ వస్తుంది, కాలు మీద కాలేసుకుని తినొచ్చు. నేను బావి అన్నాను. వాళ్ళలో ఒక ముసలాయన గట్టిగా దగ్గాడు. నీళ్ళు తాగి బతుకుతావా తల్లీ అని అడగడానికి మర్యాద అడ్డొచ్చి దగ్గాడని నాకు తెలుసు.

మా మరిది మాత్రం సంతోషించాడు. నూలు వ్యాపారం ఇప్పుడు ఆయనదే. అంగడి గది తనకు మిగిలినందుకు సంతోషించాడని వీధిలో అన్నారు గానీ, మనిషి అంత చెడ్డవాడు కాడు. వాళ్ళ అమ్మ తవ్వించిన బావిని నేను కోరుకున్నానని ఆయన కళ్ళు చెమర్చాయి. నా తిండీ బట్టా తనే చూసుకుంటానన్నాడు, చూసుకున్నాడు కూడా. ఊరికే తినడం నాకిష్టం లేక అంగడికి నూలు కండెలు చుట్టి ఇచ్చేదాన్ని.

బావి ఎందుకు కోరానో అప్పుడెవరికీ చెప్పలేదు. చెబితే నవ్వేవాళ్ళు. భర్త పోయిన ఆడది పొద్దున్నే ఎదురుపడితే తలపెట్టిన పని చెడుతుందని మా వీధిలో గట్టి నమ్మకం. నేను పాలకో, కూరాకుకో బయటికి వస్తే, గుమ్మం దిగబోతున్నవాళ్ళు కాలు వెనక్కి తీసుకుని లోపలికి వెళ్ళి, కాసేపు కూర్చుని, ఇన్ని మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాళ్ళు. శకునం పోవడానికి తాగే ఆ నీళ్ళు మా బావివే. నాకు నవ్వు వచ్చేది, తర్వాత లోపలికి పోయి ఏడ్చేదాన్ని. ఆ ఏడుపు కూడా ఎక్కువసేపు సాగేది కాదు, వినడానికి ఎవరూ లేని ఇంట్లో ఏడుపు తొందరగా విసుగు పుట్టిస్తుంది.

మా వీధిలో ఇంకా బావులున్నాయి. అన్నిటివీ ఉప్పు నీళ్ళే. వాటిలో కందిపప్పు వేసి పొద్దంతా మంట పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. మా బావి నీళ్ళలో రెండు పొంగులు వస్తే చాలు, వేలితో నొక్కితే వెన్న. ఏ నీళ్ళు మంచివో చెప్పడానికి మా ఆడవాళ్ళకు కందిపప్పు కంటే పెద్ద పరీక్ష లేదు. అందుకని తెల్లవారగానే వెనక సందులోంచి బిందెలతో వచ్చేవాళ్ళు. పెరటి తలుపు గడియ తీయాల్సింది నేను. నా ముఖం చూడకుండా నా నీళ్ళు దొరకవు. మొదట్లో తల వంచుకుని వచ్చి, తల వంచుకుని తోడుకుని పోయేవాళ్ళు. కొన్నాళ్ళకు పప్పు ముందు శకునం ఓడిపోయింది. తలలు లేచాయి.

అందరికంటే ముందు తల ఎత్తినామె సందుకు అవతల ఉండే మగ్గం వాళ్ళ ఇల్లాలు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక కొడుకు. రోజూ మొదటి బిందె ఆమెదే. చేద వేస్తూనే మాట మొదలుపెట్టేది: రాత్రి మామగారు అన్నం ముందు అలిగిన సంగతి, పెద్ద పిల్లకు వచ్చిన సంబంధం, చిన్న పిల్ల దగ్గు. నన్ను అక్కా అనేది. వచ్చిన ప్రతివాళ్ళూ మొదటి చేద నా తొట్టిలో పోసి తర్వాత తమ బిందె నింపుకోవాలని మా అత్తగారు పెట్టిన నియమం. ఆమె పోయినా అది అట్లాగే సాగింది. అందుకని బావిగలదాన్నై ఉండీ నేను నీళ్ళు తోడింది తక్కువ. నా పని గట్టు మీద కూర్చుని వినడం. వీధిలో ఎవరింట్లో ఏ కూరో, ఎవరికి ఎవరిమీద కోపమో నాకు తెలిసినట్టు ఊళ్ళో పోలీసులకు కూడా తెలియదు. పొద్దెక్కేసరికి అందరూ వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత మర్నాటి పొద్దుదాకా నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఆ కాసిని మాటలే రోజంతా నెమరేసుకునేదాన్ని.

బాలింతలు మొదటిసారి బావి దగ్గరికొచ్చి గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి, నీళ్ళు తోడే పూజ ఉంటుంది. వీధిలో ఎవరు బిడ్డను కన్నా ఆ పూజ మా బావికే. ఆ రోజు నేను ముందే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేదాన్ని. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఎవరైనా అనేదాకా ఆగడం నాకిష్టం లేదు.

ఆ బావికి ఒక కథ ఉండేది. మా అత్తగారి కాలంలో తవ్వితే రాయి పడిందట. తవ్వేవాళ్ళు పలుగులు ఎత్తుకుని వెళ్ళిపోతే, ఆమె ఉపవాసం ఉండి, గంగమ్మకు మొక్కుకుని, ఆ గోతిలో దీపం పెట్టిందట. మర్నాడు రాయి పక్కనుంచి ఊట తన్నుకొచ్చిందట. మా మరిది ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ రాయి ఒక అడుగు మందం పెరిగేది. నేను కాదనేదాన్ని కాదు. నన్ను కన్నకూతురిలా చూసిన మనిషి ఆమె. కానీ నేను పుట్టింది మడకశిర వైపు, మెట్ట సీమలో. డబ్బు మంచినీళ్ళలా ఖర్చు పెడుతున్నాడని ఇక్కడ ఎవరినైనా తిడితే నాకు అయోమయంగా ఉండేది. మంచినీళ్ళలా ఖర్చు పెట్టేవాణ్ణి మా ఊళ్ళో పిసినారి అంటారు. అక్కడ మా నాయనకు చెరువు కట్ట కింద ఒక బావి ఉండేది. చెరువు నిండిన ఏడు చేత్తో ముంచుకునేంత పైకి వచ్చేది, చెరువు ఎండిన ఏడు చేంతాడు చాలేది కాదు. అందుకని కాటన్‌పేటకు కాపురానికి వచ్చిన కొత్తలోనే, మా వీధి వెనక సందు దాటి, పూలతోటలు దాటి, కొంచెం మెరకలో ఉన్న చెరువును చూడగానే, మా అత్తగారి ఊట ఎక్కడిదో నాకు తెలిసిపోయింది. తెలిసి నోరు మూసుకున్నాను. కొత్త కోడలు చెప్పాల్సిన మాట కాదు.

మా మిద్దె ఎక్కితే ఆ చెరువంతా కనపడేది. సాయంత్రాలు నాకు వేరే పని లేదు, ఎక్కి కూర్చునేదాన్ని. ఒకవైపు చాకలివాళ్ళ బండలు, ఇంకోవైపు మునిగి కళ్ళు మాత్రం బయటపెట్టిన ఎనుములు. జట్కావాళ్ళు గుర్రాలకు అంచుల్లో గడ్డి కోసుకుపోయేవాళ్ళు. కుమ్మరులు, ఇటుకలవాళ్ళు మన్ను తీసుకుపోయేవాళ్ళు. ఎండాకాలం నీళ్ళు లోపలికి జరిగేకొద్దీ, వదిలిన బురదలో దోసపాదులు, ఆకుకూరలు మొలిచేవి. కట్ట కింద మల్లెతోటలవాళ్ళు పొద్దున్నే పూలు కోసి పేటకు తెచ్చేవాళ్ళు. ఒక కొంగ ఎప్పుడూ మిగతావాటికి దూరంగా, ఒంటికాలి మీద నిలబడి ఉండేది. దాన్ని చూస్తే నాకు కోపం వచ్చేది, ఎందుకో తెలియదు.

యుద్ధం వచ్చింది. నూలుకు కంట్రోలు పెట్టారు. అంగడిలో నూలు మూటలు తగ్గి, మా మరిదికి చేతినిండా తీరిక వచ్చింది. తీరికగా ఉన్న వ్యాపారి చూపు భూమి మీద పడుతుంది. ఊరు పెరుగుతోంది, ఇళ్ళు కట్టుకునే సైట్ల ధరలు పెరుగుతున్నాయి, చెరువు దగ్గర దోమలు, చలిజ్వరాలు. చెరువును ఎండగట్టి సైట్లు వేస్తే జ్వరాలూ పోతాయి, గోదాములకు చోటూ దొరుకుతుంది అని వీధి మగవాళ్ళంతా ఒక్కమాట మీదికి వచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తమది కాని చెరువును తలా ఒక మూల పంచుకోవడం మొదలుపెట్టారు. జ్వరాల మాట అబద్ధమని నేననను, ఆ ఏడు మగ్గంవాళ్ళ చిన్న పిల్ల చావు దాకా వెళ్ళి వచ్చింది. వీధి మగవాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. ఒక అధికారి విచారణకు వస్తున్నాడని, మా అంగడి ముందే కూర్చుంటాడని తెలిసింది.

అంతకు ముందురోజు సాయంత్రం మరిదిని పెరట్లోకి పిలిచాను. మా నాయన బావి సంగతంతా చెప్పాను. చెరువు తెంచితే ఈ బావి కూడా పోతుందన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"చెరువుకీ మన బావికీ ఏం సంబంధం ఉండాది వదినా? ఇది మా అమ్మ మొక్కుకుని తెచ్చిన ఊట. ఆ మాట ఇంకోసారి అనొద్దు, అమ్మకు అవమానం."

"అవమానం కాదప్పా. నీళ్ళకు మన మొక్కులు తెలీవు, పల్లం తెలుస్తాది."

ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు బావి గట్టును చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆ అద్దుకోవడం చూసి నేను ఓడిపోయానని అర్థమైంది.

అధికారి మంచివాడే. ఎవరి మీదా అరవలేదు. ఈ చెరువు వల్ల ఎవరికేమి లాభమో చెప్పండి అని కన్నడంలో నిదానంగా అడిగాడు. చాకలివాళ్ళు ఇంకో చెరువుకు పోతారని వీధి మగవాళ్ళు చెప్పారు. ఎనుములవాళ్ళు ఊరి బయటికి పోవడమే మంచిదన్నారు. మన్ను ఎక్కడైనా దొరుకుతుందన్నారు. పూలు మైసూరు నుంచి కూడా వస్తాయని ఒకాయన అన్నాడు. చెరువు మీద బతికేవాళ్ళు ఒక్కరు కూడా అక్కడ లేరు, వాళ్ళను పిలవాలని ఎవరికీ తోచలేదు. అన్నీ విని అధికారి తనంతట తనే అడిగాడు, మరి మీ బావుల సంగతేమిటి అని. తలుపు చాటున నిలబడ్డ నేను ఇంకా ముందుకు జరిగాను.

మా మరిది లేచి నిలబడి అత్తగారి కథ మొత్తం చెప్పాడు. ఆ రోజు రాయి ఎన్నడూ లేనంత మందంగా ఉంది. కరువొచ్చిన ఏళ్ళలో కూడా ఈ బావి ఎండలేదని, ఇది దైవం ఇచ్చిన ఊటని, చెరువుకు దీనికి ఏ సంబంధం లేదని చేతులు జోడించి చెప్పాడు. వీధి మగవాళ్ళంతా అవునన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, నమ్మింది చెప్పారు. తలుపు వెనక నుంచి నేను గొంతెత్తి, చెరువు ఎండితే ఈ బావీ ఎండుతుంది సామీ అన్నాను. మరిది వెనక్కి తిరక్కుండానే, మా వదిన పల్లెటూరి మనిషి, భయపడతాండాది అని సర్దిచెప్పాడు. ఎవరో లోటాతో మా బావి నీళ్ళు తెచ్చి ఇచ్చారు. అధికారి వాటిని కళ్ళకద్దుకుని తాగి, ఇంత తియ్యటి నీళ్ళు ఈ ఊళ్ళో తాగలేదన్నాడు. చెరువు నీళ్ళు తాగి చెరువుకు చావు రాసి వెళ్ళాడు పాపం. ఆయన తప్పేముంది, ఇంటివాళ్ళే చెప్పాక.

లాభమేమిటని ఆయన అడిగినప్పుడు నా దగ్గరా ఒక జవాబుంది. ఈ చెరువు వల్ల రోజూ పొద్దున్నే నా ఇంటికి మనుషులు వస్తారు అని. అది ఏ అధికారికి చెప్పను?

కట్ట తెంచిన రోజు ఊరంతా చేపలకు పోయింది. మిద్దె మీదినుంచి చూస్తే తిరునాళ్ళలా ఉంది. నాలుగు రోజులు చేపల వాసన, తర్వాత బురద వాసన, తర్వాత దుమ్ము. వానాకాలం వచ్చినా కప్పల అరుపు లేదు. పాలు పలచబడ్డాయి. ఆకుకూరల గంప రావడం మానేసింది. మల్లెతోటలు గూడతో తోడి పోయడానికి నీళ్ళు చాలక ఒకదాని తర్వాత ఒకటి బీడు పడ్డాయి.

బావి వెంటనే ఎండలేదు. అదే నాకు పెద్ద శిక్ష. చూశావా వదినా అని మా మరిది మొదటి ఏడంతా గెలిచినట్టు నవ్వాడు. నేనూ నవ్వాను, నా మాట తప్పైతే బాగుండునని నాకంటే ఎక్కువ కోరుకున్నవాళ్ళు లేరు. తర్వాత చేంతాడుకు ఇంకో తాడు ముడేశాం. ఆ తర్వాత మరొకటి. చేదలోకి నీళ్ళతో పాటు ఒండ్రు రావడం మొదలైంది. బిందె నిండడానికి ఎంతసేపు పట్టేదంటే, ఆడవాళ్ళకు కబుర్లు అయిపోయి ఊరికే నిలబడేవాళ్ళు. అప్పుడే వీధి చివర కొళాయి పెట్టారు, ఇక్కడ దాన్ని నల్లి అంటారు. నల్లి నీళ్ళలో పప్పు ఉడుకుతుందని తెలిసిన రోజు మా పెరటి తలుపు దగ్గర సగం మంది తగ్గారు. నన్ను చూసి జాలితో వచ్చిన నలుగురు కూడా ఎండాకాలానికి ఆగిపోయారు. చివరిదాకా వచ్చింది మగ్గంవాళ్ళ ఇల్లాలే. ఒకరోజు చేద అడుక్కి తగిలి ఖంగుమంటే ఆమె నా వైపు చూసి నిట్టూర్చి, మొగుడు లేని చేతికి వచ్చినాక గంగమ్మ నిలవదని వీధిలో అంటాండారక్కా, నేను మాత్రం నమ్మను అని చెప్పింది. మర్నాటి నుంచి ఆమె కూడా రాలేదు. గడియ తీయడం నాకు అలవాటు కనుక తీసి ఉంచేదాన్ని. పొద్దెక్కాక వేసుకునేదాన్ని. ఇంత మంది ఉన్న పేటలో పొద్దుటి నుంచి పొద్దుటి దాకా నా గొంతు నాకే వినపడని రోజులు ఉండేవి. ఒక్కోసారి కండెలతో మాట్లాడేదాన్ని.

మరిదికి పట్టుదల వచ్చింది. బావి లోతు చేయించాలని వడ్డెవాళ్ళను పిలిచాడు. రాయి నిజంగానే ఉంది, జానెడు మందం కూడా లేదు. దాన్ని పగలగొట్టి ఇంకా దిగారు. పొడి మన్ను వచ్చింది. చూడడానికి వీధి ఆడవాళ్ళంతా మా పెరట్లోకి వచ్చారు. చాన్నాళ్ళకు పెరడు నిండింది. నేను అవమానం మరిచి, అందరికీ కూర్చోమని చాపలు వేశాను. ఎవరూ కూర్చోలేదు. ఎవరో వెనకనుంచి, చేతి గుణం అని సగం మాట అని ఆపేశారు. అది మా మరిది చెవిన పడింది.

ఆయన గట్టు దగ్గరికి వెళ్ళి బావిలోకి వంగి చూశాడు. ఆయన ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను. అమ్మ పుణ్యమూ వదిన పరువూ తక్కెడలో వేస్తే ఏది మొగ్గుతుందో చెప్పడానికి వ్యాపారి కానక్కర్లేదు. నేను గది వైపు నడవబోయాను.

"నిలబడు వదినా" అన్నాడు. తర్వాత వాళ్ళ వైపు తిరిగాడు. "ఇది ఆమె చేతి గుణం కాదు. ఈ బావిలోకి వచ్చింది చెరువు నీళ్ళే. ఆమె నాకు ముందే చెప్పింది, నేను వినలేదు. మా అమ్మ మొక్కు మంచిదే, నీళ్ళు మాత్రం చెరువువి."

అంతమంది ఆడవాళ్ళ ముందు ఆయన ఏడ్చాడు. వాళ్ళమ్మను ఆయన రెండోసారి సాగనంపినట్టయింది. నేను ఆయన కాళ్ళ మీద పడాలనుకున్నాను, వయసుకు వావికి అది కుదరదు కనుక నిలబడిపోయాను. నా పెనిమిటి పోయాక నా తరఫున ఒక మనిషి నోరు విప్పడం అదే మొదటిసారి. ఆయన మాట ఎవరూ కాదనలేదు. అవునవును, చెరువే అన్నారు. తలలు ఊపారు. బిందెలు చంకనెత్తుకుని నల్లికి వెళ్ళారు.

ఆయన చెరువు నేలలో కొన్న సైటులో గోదాము కట్టాడు. మొదటి పెద్దవానకే మోకాలి లోతు నీళ్ళు వచ్చి కూర్చున్నాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆయనే నాకు ఆ సంగతి చెప్పి నవ్వాడు, నేను నవ్వలేదు.

నల్లికి నేనూ పోక తప్పలేదు. మధ్యాహ్నం పోతే ఎవరికీ ఎదురుపడకుండా ఉండొచ్చు గానీ, నీళ్ళు వదిలేది పొద్దున్నే. మొదటిరోజు ఖాళీ బిందెతో వీధి పక్కగా నడుస్తున్నాను. ఎదురుగా మగ్గంవాళ్ళ ఇల్లాలు, పక్కన ఆమె కొత్త కోడలు నిండు బిందెలతో వస్తున్నారు. పిల్ల ఎవరో చూడాలని, ముఖం కళగా ఉందని చెప్పాలని నేను నడక తగ్గించాను. ఆమె నన్ను చూసింది. చూసి, కోడలి భుజం మీద చెయ్యి వేసి, పిల్లను గోడ వైపు తిప్పి నిలబెట్టింది. నేను దాటేదాకా అట్లాగే పట్టుకుంది.

"ఏమనుకోవద్దక్కా, కొత్త పిల్ల" అంది.

అయ్యో, దానికేముందమ్మా అన్నాను. ఇన్నేళ్ళూ ఆమె రోజూ లేచి మొదట చూసిన ముఖం నాదే. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, చావబోయిన పిల్ల బతికింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల మెడ వంచుకుని గోడకు ముఖం పెట్టి, బరువు బిందెతో నిలబడి ఉంది. నేను మాట్లాడుతూ నిలబడితే ఆ పిల్ల కూడా నిలబడాలి. గబగబా దాటి వెళ్ళి నల్లి దగ్గర వరసలో చివర నిలబడ్డాను.